మేనకోడలి పళ్లు

గిద్దలూరులో మా అన్న ఇంటికి వెళ్లినప్పుడు, తొమ్మిదేళ్ల మేనకోడలు తమ బడిలోకి మేక దూరిన సంగతి చెబుతోంది. ప్రార్థన మధ్యలో అది హెడ్‌మాస్టరు చేతిలోని కాగితం లాక్కుని నమిలిందట. ఇల్లంతా నవ్వుతోంది. అందరికన్నా ఎక్కువగా తనే నవ్వుతోంది.

"ఏంది పాపా, నీ పళ్లు ఇట్ల వంకరగా వచ్చినాయి? క్లిప్పులు వేయించండి వదినా, రేపు పెద్దదైతే బాగుండదు," అన్నాను.

పాప టక్కున నోరు మూసుకుంది. వదిన నా వైపు చూడకుండా టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల మేలు కోరే కదా అన్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ అన్నం తినేటప్పుడు పాప ఎడమచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. 

సాయంత్రం పెరట్లో దాని పక్కన కూర్చున్నాను.

"తప్పు నాదే పాపా. నేనట్ల అనకూడదు."

"అయితే నా పళ్లు వంకరగా లేవా అత్తా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వంకరే. కానీ నువ్వు నవ్వితే బాగుంటావు. ముందు ఆ మాట చెప్పాల్సింది."

పాప తలూపి లేచి వెళ్లింది. మర్నాడు నేను మార్కాపురం బస్సెక్కే దాకా నా ముందు నవ్వలేదు. నవ్వమని అడగడానికి నాకూ ముఖం చెల్లలేదు.