గేర్లు లేని బండికి ఆయిల్

కారుకు ఆయిల్ కొనడానికి ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి పులివెందుల దాకా బస్సుల్లో వెళ్లొచ్చానంటే నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నవ్వడం అయ్యాక ఇది చదవండి. మీ ఇంట్లో క్లచ్ లేని బండి ఉంటే ఏదో ఒక రోజు మీరూ ఇదే దారి పట్టాల్సి వస్తుంది.

నేను రాజుపాలెం మండలంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్ తొక్కలేను. రెండేళ్ల కిందట ఈ సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొనేదాకా, మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, స్కూలున్న ఊరికి పోయే బైకు ఏదైనా ఆగుతుందా అని చెయ్యి చాపుకుని నిలబడేదాన్ని. ఎండలోనూ వానలోనూ అలా పదకొండేళ్లు నిలబడ్డాను. ఇక నిలబడనని కారు కొన్న రోజే అనుకున్నాను.

ఆ కారు పది రోజులుగా కదిలేటప్పుడు వణుకుతోంది. శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ ప్రొద్దుటూరులో మెకానిక్ ఓబులేసన్న షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన గేర్‌బాక్సు అడుగున బోల్టు, మూత విప్పి పాత ఆయిల్ మొత్తం దించేశాడు. నల్లగా, మాడు వాసన కొడుతోంది. దాన్ని పారబోయకుండా నీళ్ల సీసాల్లో పట్టి, ఎంత వచ్చిందో సీసాల మీద గీత గీసి పెట్టుకున్నాడు. తరువాత బండి కింద నుంచి లేచి, "దీంట్లో గేర్లు యాడుండాయి టీచరమ్మా? నాకు కనపడలా" అన్నాడు.

గేర్లు లేకుండా కారెలా నడుస్తుందన్నా, అని నవ్వాను. డాష్‌బోర్డు అరలో కారుతో పాటు వచ్చిన మాన్యువల్ ఉంటే తీసి, ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు ఏ ఆయిల్ పోయాలో రాసిన పేజీ ముందు పెట్టాను. అందులో ఉన్నదే పోయాలి, వేరే చుక్క కూడా పోయొద్దని గట్టిగా చెప్పాను. ఆయన ఆ పేజీలోని గేర్‌బాక్సు బొమ్మను చాలాసేపు చూశాడు. 

ఆ ఆయిల్ ప్రొద్దుటూరులో దొరకలేదు. జమ్మలమడుగులో ఒక స్పేర్ పార్టుల షాపుకు ఫోన్ చేసి "ఆటోమేటిక్ గేర్ ఆయిల్ ఉందా?" అని అడిగితే, కావలసినంత ఉంది రమ్మన్నారు. మర్నాడు రెండో శనివారం, సెలవు. సోమవారం పొద్దున నేను స్కూల్లో ఉండాలి, అదీ నా బండిలో. మాన్యువల్ సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఉదయం ఏడుంబావుకు ప్రొద్దుటూరు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఎనిమిది దాటాక జమ్మలమడుగు. బస్టాండు ఎదుట బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ముప్పై రూపాయలకు కడుపు నిండింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. షాపు తొమ్మిదిన్నరకు గానీ తెరవలేదు.

షాపాయన నన్ను చూడగానే డబ్బాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. డబ్బా మీద మూడు చక్రాల ఆటో బొమ్మ ఉంది. ఇదేందన్నా అంటే, ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "ఆటో గేర్ ఆయిలే గదా మేడం అడిగింది? ఊర్లో ఆటోలన్నిటికీ ఇదే పోస్తాండారు."

ఆటోమేటిక్ అన్న నా మాటలో ఆయనకు ఆటో వరకే వినపడింది. కోపం వచ్చినా ఆయన తప్పేమీ లేదు. మా జిల్లాలో ఆటో అంటే ఆటోనే. మాన్యువల్ తీసి పేజీ చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నిచ్చెనెక్కి, పై అరలో దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించాడు. మాన్యువల్‌లో ఉన్న అక్షరాలు, అంకెలు డబ్బా మీద ఉన్నవున్నట్టు ఉన్నాయి. లోపల ఎర్రటి ఆయిల్. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఒక్క లీటరే. నాకు కావలసింది నాలుగు. పులివెందులలో కువైట్ నుంచి తిరిగొచ్చిన మస్తాన్ అనే మెకానిక్ దగ్గర దొరకవచ్చని చెప్పి షాపాయన నంబరు రాసిచ్చాడు. ఈసారి ఫోన్లో అడిగి మోసపోదలచుకోలేదు. నేరుగా వెళ్లడమే మంచిదనుకున్నాను.

పదీ నలభైకి పులివెందుల బస్సు దొరికింది. పక్క సీట్లో గొర్రెలమ్మే పని మీద వచ్చి తిరిగి వెళ్తున్న ఒక అవ్వ. నా కాలు చూసింది, ఒళ్లో డబ్బా చూసింది.

"యాడికి పోతాండావు తల్లీ?"

కారుకు నూనె కోసరం అవ్వా, అన్నాను.

"నూనెకు పులివెందుల దాకానా? పొద్దుటూర్లో గానుగలన్నీ మూసినారా?"

ముందు సీటు వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది. పులివెందులలో దొరకకపోతే కడప, అక్కడా లేకపోతే ఆర్డరు పెట్టి వారం రోజులు కాచుకోవాలి. ఆ వారమంతా రోడ్డు మీద చెయ్యి చాపడమే. ముద్దనూరు దాటాక అవ్వ సంచిలోంచి ఒక చీనీకాయ తీసి నా చేతిలో పెట్టి కునుకు తీసింది. కిటికీ బయట శనగ చేలు, ఆ తరువాత అరటి తోటలు. డబ్బా మాత్రం ఒళ్లోంచి దించలేదు.

పన్నెండున్నరకు పులివెందుల. బస్టాండు నుంచి షేర్ ఆటోలో మస్తాన్ గారి షెడ్డు అయిదు నిమిషాలు. నలభై అయిదేళ్ల మనిషి, శుభ్రంగా ఉతికిన నీలం చొక్కా. ఇదే ఆయిల్ ఇంకో మూడు లీటర్లు కావాలని డబ్బా చూపించాను. ఆయన డబ్బా పట్టుకున్నాడు గానీ దాన్ని చూడలేదు. నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

"మేడం, బండి స్పీడు పెంచేటప్పుడు నడమ నడమ చిన్న కుదుపు వస్తాదా? ఒక గేరు నుంచి ఇంగో గేరుకు మారినట్ల?"

ఎప్పుడూ రాదు, మొదటి నుంచీ జారినట్టు పోతుందని గొప్పగా చెప్పాను. ఆయన డబ్బాను బల్ల మీద పెట్టేశాడు. నా మాన్యువల్ అట్ట తిప్పి చూశాడు. బండి ఏ సంవత్సరానిదని అడిగాడు. చెప్పాను. ఆయన పుస్తకం మూసి నా ముందు పెట్టాడు.

"ఈ పుస్తకం మీ బండిది కాదు మేడం. పేరు ఒకటే, ఇది పాత మోడల్‌ది. దాంట్లో గేర్లుండాయి. మీ బండిలో గేర్లే లేవు. రెండు కప్పీల నడమ ఇనప బెల్టు తిరుగుతాది. ఈ ఎర్ర ఆయిల్ పోసినారంటే బెల్టు జారి, నెల తిరిగేలోపల మొత్తం అరిగిపోతాది."

కప్పీలు. ఏటా ఎనిమిదో తరగతికి నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే కప్పీలు. గేర్లు యాడుండాయని ఓబులేసన్న అడిగితే నవ్విన మనిషిని నేనే. 

ఆయన అంతటితో వదల్లేదు. ఓబులేసన్నకు ఫోన్ కలిపి ఛాసిస్ నంబరు ఫోటో తెప్పించుకున్నాడు. కడపలో తెలిసిన సర్వీసు వాళ్లకు ఆ నంబరు చెప్పి, ఏ ఆయిల్ పోయాలో రాసుకున్నాడు. అలమరలో రెండు రకాల డబ్బాలున్నాయి. ఒకదాని మీద అన్ని బండ్లకూ సరిపోతుందని రాసి ఉంది. అది తీసుకుంటే పోదా అని అడిగాను. పోస్తే బండి నడవొచ్చు గానీ రేపు ఏమన్నా అయితే ఆ డబ్బా కంపెనీవాడు పలకడని, రెండో రకం డబ్బా తీశాడు. కాగితం మీద రాసుకున్న అక్షరాలు, డబ్బా మీది అక్షరాలు నా చేత పైకి చదివించాడు. బడిపిల్లలా వేలు పెట్టి చదివాను. నాలుగు లీటర్లు ఇచ్చి, పాత ఆయిల్ ఎంత దిగిందో కొలిచి అంతే పోయాలి, ఒక గ్లాసు కూడా ఎక్కువ వద్దని చెప్పాడు. పాత ఆయిల్ పారబోసి ఉంటే కష్టమేనన్నాడు. సీసాల మీద గీతలు గీసి పెట్టారని చెప్పాను.

"అట్లయితే మీ మెకానిక్ పనోడే మేడం" అన్నాడు.

మధ్యాహ్నం బస్టాండు పక్కన హోటల్లో పప్పన్నం తిని, రెండూ నలభై అయిదుకు ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఈసారి ఒళ్లో నాలుగు డబ్బాలు, కాళ్ల దగ్గర ఎర్ర ఆయిల్. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మాన్యువల్ అచ్చేసి ఉంది కాబట్టి నమ్మాను, మనిషి బండి కిందకు దూరి కళ్లారా చూసి చెప్పింది నమ్మలేదు. ఇంక ఎవరైనా ఈ పని మీద వెళ్లేవాళ్లుంటే ఛాసిస్ నంబరు పట్టుకుని వెళ్లండి. పుస్తకం తరువాత చూసుకోవచ్చు.

సాయంత్రం అయిదుకు షెడ్డులో దిగాను. ఓబులేసన్న డబ్బాలు అందుకున్నాడు. తప్పు నాదేనన్నా, నువ్వు నిన్ననే చెప్పినావు, అన్నాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, తన సీసాల పక్కన ఖాళీ సీసాలు పెట్టి, గీత చూసి అంతే కొత్త ఆయిల్ ఒక్కొక్క సీసా కొలిచి పోశాడు. మాడు వాసన పోయింది. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ మట్టం మళ్లీ చూసి, నా పక్క సీట్లో కూర్చున్నాడు.

మైదుకూరు రోడ్డు మీదికి తిప్పాను. వణుకు లేదు. స్పీడు పెంచాను. ఎక్కడా కుదుపు లేకుండా, బండి తన పాటికి తాను పోతోంది. ఓబులేసన్న కాసేపు చెవి పెట్టి విన్నాడు. తరువాత రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఏ గేర్లో పోతాంది టీచరమ్మా?"

"గేర్లు లేవన్నా" అన్నాను.