దబీర్‌పురా నుంచి అఫ్జల్‌గంజ్ దాకా నా గాజుపలకలతో

పోయిన చలికాలం నా గర్భాశయ ముఖద్వారం నుంచి శంకు ఆకారంలో ఒక ముక్క కోసి పరీక్షకు పంపారు. దానికి రెండు రిపోర్టులు వచ్చాయి. దబీర్‌పురాలోని ల్యాబ్ ‘గ్రంథి క్యాన్సర్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంది. ఆ ముక్క నుంచి కోసిన పొరలు అతికించిన అవే గాజుపలకలు (స్లైడ్లు) చూసిన ఇంకో ఆసుపత్రి ‘క్యాన్సర్‌కు ముందు దశ, లోపలికి పాకలేదు’ అంది. మొదటిది నిజమైతే సోమవారం గర్భసంచి తీసేసే పెద్ద ఆపరేషన్. రెండోది నిజమైతే దాని అవసరమే లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఇలాంటి కేసులే చూసే పెథాలజిస్టు ఒకావిడ ఉన్నారని మా దగ్గర పాలు పోయించుకునే ఒక నర్సు చెప్పింది. ఇదే పనిమీద తిరగాల్సినవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం తొమ్మిదింటికి ఛత్రినాకలో ఆటో ఎక్కితే దబీర్‌పురాకు వంద తీసుకున్నాడు. ల్యాబ్‌లో పలకలు దాచే గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. నేల నుంచి పైకప్పు దాకా సన్నటి సొరుగులు, గదంతా మైనం వాసన. అక్కడి ముసలాయన నా రిపోర్టు నంబరు రెండుసార్లు చదివి, “నువ్వు గీడనే ఉన్నవ్ బేటీ, నాలుగో వరుసల” అన్నాడు. సొరుగు నిండా పలకలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు.

“వీళ్లంతా ఏమైండ్రు చాచా?”

“నాకేమెరుక? పోయినోళ్లు రారు, మంచిగున్నోళ్లు రారు. ఫికర్ ఉన్నోళ్లే వస్తరు.”

రెండు పలకలు, నా ముక్కలో మిగిలింది పొదిగి ఉంచిన మైనం దిమ్మె డబ్బాలో పెట్టిచ్చాడు. అఫ్జల్‌గంజ్‌కు ఆటో ఎనభై. గుంత వచ్చినప్పుడల్లా ఒళ్లో డబ్బా గలగలమంది.

“గాజులా అక్కా?” అన్నాడు డ్రైవర్.

“గాజే భాయ్” అన్నాను.

పదకొండింటికి డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపులో చూడనిచ్చారు. గులాబీ నేల మీద ఊదారంగు ఉంగరాలు. కదలడం లేదు, అయినా అవే నన్ను చూస్తున్నట్టనిపించి కళ్లు తీసేశాను.

“అవే పలకలు చూసి ఇద్దరు వేరేవేరేగ ఎట్ల రాసిండ్రు మేడమ్?”

“ఎవరికి తోచింది వాళ్లు రాస్తే గట్లనే అయితదమ్మా. అందరం ఒకటే ప్రశ్నలు వేసుకోవాలె.”

ఆమె ఒక అచ్చుకాగితం తీశారు. వైరస్ వల్ల వచ్చిన రకమా కాదా, ఎంత లోతు, ఏ తీరున పాకింది, నాళాల్లోకి చేరిందా, కోసిన అంచులు శుభ్రమా. అన్నీ నింపి బోర్లించారు. పక్కగది డాక్టరును పిలిచి, తన జవాబులు చెప్పకుండా అలాంటి కాగితమే ఇచ్చారు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టారు. నాలుగు కలిశాయి. ‘ఏ తీరున పాకింది’ దగ్గర కలవలేదు. దిమ్మె నుంచి కొత్త పొర కోయించారు. గంటన్నర వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల నా గురించి గుసగుసలు వినిపిస్తున్నాయి, మాటలు మాత్రం అందలేదు.

కొత్త పొర చూశాక, చివరికి ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం చేశారు.

“క్యాన్సరేనమ్మా. లోపలికి పాకింది, గని కొంచమే. పాకిన తీరు నెమ్మదిదే, గ్రంథుల ఆకారం చెదరలేదు. నాళాలల్ల లేదు, అంచులు సాఫ్. ఆపరేషన్ సంగతి మీ సర్జన్ చెప్తరు, ఇది చూపియ్యండి.”

సర్జన్ అది చదివి సోమవారం తేదీ కొట్టేశారు. పెద్ద ఆపరేషన్ బదులు కొన్ని నెలలకోసారి పరీక్షలు రాశారు. ఇప్పటిదాకా బాగానే ఉన్నాను. కానీ పాత రిపోర్టుల్లో ఒకటి నన్ను భయపెట్టింది, ఒకటి ధైర్యం చెప్పింది. ఆ ధైర్యాన్నే నమ్మి, ఏ పరీక్షలకూ పోకుండా ఇంట్లో కూర్చునేదాన్నేమో అని తలుచుకుంటే, ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రెండో రిపోర్టే.

ఒక్క సలహా: బయల్దేరేముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి, పలకలతోపాటు మైనం దిమ్మె కూడా ఇస్తారా అని అడగండి. అది లేకపోతే కొత్త పొర కోసి చూడటం కుదరదు.