నలభైమూడు నడుములు, ఒకే చాప

చనిపోయిన రోజు పొద్దున పెనిసిమాని మాస్టారు పాస్టరుగారి భార్య చెవి కోసేశాడు. కావాలని కాదు. ఫొటోలో ఆమె పక్కనున్న కొబ్బరాకును చెరపబోతే మౌస్ జారింది. చెవి మళ్లీ అతికించి, కాస్త పైకి పోయిందని కిందికి జరిపి, వెనక్కి వాలి చూసుకుని, "ఇప్పుడు వినపడుతుందిలే ఆవిడకి" అన్నాడు. తర్వాత టీ తాగాడు. కప్పు కడిగి బోర్లించాడు. ఓ పది నిమిషాలు నడుం వాలుస్తానని వరండాలో పడుకున్నాడు. మరి లేవలేదు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మేనకోడలు లుపే గుమ్మం దగ్గర కూర్చుని తారో దుంపలు చెక్కుతోంది. విన్నది, నవ్వలేదు. మామయ్య హాస్యాలకు నవ్వడం మానేసి అప్పటికి మూడు వారాలైంది.

టోంగాలో మేనకోడలు అడిగితే మేనమామ కాదనడు. ఆమె కన్ను పడ్డ పందిని కట్టు విప్పి ఇస్తాడు. మెచ్చిన చాపను చుట్టి చేతికిస్తాడు. లుపే మాత్రం పందీ అడగలేదు, చాపా అడగలేదు. ఒక్క ఫొటో అడిగింది. అదీ ఏడాదిగా అడుగుతూనే ఉంది.

రెండేళ్ల కిందట వాళ్లమ్మ ఇలైసాని పోయినప్పుడు లుపే ఆస్ట్రేలియాలో, బండబర్గ్ దగ్గర ఒక షెడ్డులో కాప్సికాలు పెట్టెలకెత్తుతోంది. విమానంలో సీటు దొరికేలోగా నాలుగో రోజున పూడ్చిపెట్టేశారు. శవపేటిక చుట్టూ బంధువులంతా కూర్చున్న ఫొటోలో కన్నకూతురు తప్ప అందరూ ఉన్నారు. ఇప్పుడు చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని పుస్తకం వేస్తున్నారు. పోయినవాళ్ల పేజీల్లో ఆ ఫొటో రాబోతోంది.

"ఆ పుస్తకం ఇంకో నూరేళ్లు ఉంటుంది మామయ్యా. అందులో నేను లేకపోతే ఎలా? నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టు."

"కూర్చోబెడతాను. కానీ ఆ వారం తీసిన ఫొటో కావాలి. నడుముకు కట్టిన చాప అబద్ధమైతే దేవుడు ఊరుకుంటాడు. మొహం అబద్ధమైతే ఊరుకోడు."

"ఆ వారం నన్నెవరు ఫొటో తీశారు, కాప్సికాలా?"

"చూద్దాం" అన్నాడాయన. ముప్పై అయిదేళ్లు హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు బడి పైకప్పు సంగతి అడిగినవాళ్లందరికీ ఆయన చెప్పిన మాట అదే.

అసలు ఫొటోల్లో చాపలు కట్టే ఈ గొడవ ఆయన కొనితెచ్చుకున్నదే. పదవీ విరమణ అయ్యాక చర్చిలో ఆయన పని ఒక్కొక్కటే ఊడుతూ వచ్చింది. పాటల బృందం వేరొకరికి పోయింది. ఆదివారం బడి ఇంకొకరికి పోయింది. పుస్తకం కోసం పెట్టిన సమావేశంలో పాస్టరుగారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆక్లాండ్ నుంచీ సిడ్నీ నుంచీ మనవాళ్లు పంపిన ఫొటోల్లో నలభైమంది పైగా జీన్సుల్లో, నిక్కర్లలో ఉన్నారు. నడుముకు చాప చుట్టుకోకుండా దేవుడి పుస్తకంలోకి రావడమంటే బట్టల్లేకుండా వచ్చినట్టే.

పెనిసిమాని లేచి నిలబడ్డాడు. "నేను కంప్యూటర్‌లో కట్టిస్తాను" అన్నాడు.

అప్పటికి ఆ కంప్యూటర్ ఆయన ఇంట్లో పూలకుండీ కింద ఉంది. కూతురు పంపిన రోజు నుంచీ దాన్ని ఎవరూ తెరవలేదు. దుమ్ము పడకుండా అల్లిన గుడ్డ కూడా కప్పారు.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికింది. నేర్పే వీడియోలూ ఊరికే దొరికాయి. ఆ వీడియోల్లో కుర్రాడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు. ఈ దీవిలో నెట్ నాలుగు మాటలకోసారి ఆగుతుంది. ఆగినప్పుడల్లా కుర్రాడి నోరు తెరుచుకునే ఉండేది. "చెప్పు నాయనా, భయపడకు" అని మాస్టారు పెన్ను పట్టుకుని ఓపిగ్గా కూర్చునేవాడు.

ఫొటోలో పొరలుంటాయని తెలిసిన రోజు ఆయనకు పండగైంది. "ఇందులో కొత్తేముంది లుపే, అటక మీద చాపల దొంతరే ఇది. ఒకదాని మీద ఒకటి" అన్నాడు. అర్థమైతే అయింది కానీ చేయి మాత్రం ఎప్పుడూ పక్క పొర మీదే పడేది. ఒక వారమంతా పై పొర మీద రబ్బరు రుద్ది, కింది పొరలోని నిక్కరు చెరగడం లేదని అలిగాడు. "ఊరికే వచ్చింది కదా, గట్టిగా అడగలేం" అని తనే సర్దిచెప్పుకున్నాడు. పాస్టరుగారి బాప్తిస్మం ఫొటోను తపాలా బిళ్లంత చేసి, దాని మీదే సేవ్ చేశాడు. ప్రపంచంలో ఆ ఫొటోకు ఇంకో ప్రతి లేదు.

ఇక చాప కావాలి. మంచి చాపలన్నీ అక్క చావుకు కానుకలుగా పోయాయి. ఇంట్లో మిగిలింది ఒక్కటే. దాన్ని బట్టలు ఆరేసే తీగ మీద వేసి ఫొటో తీశాడు. మౌస్‌తో అంచు చుట్టూ గీత గీస్తూ, వేలాడే ప్రతి పోగునూ విడదీస్తూ కత్తిరించడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులు కష్టపడ్డవాడు రెండో చాప జోలికి పోతాడా? లావుపాటివాళ్లకు సాగదీసి, పిల్లలకు కుదించి, నలభైమూడు నడుములకూ దాన్నే చుట్టేశాడు.

నమూనా పేజీలను హాల్లో గోడకు అంటించారు. చాపలల్లే ఆడవాళ్లు పని ఆపి వచ్చారు. ముందు నిలబడింది కలొలైని. పోగు చూసి అల్లిన చెయ్యి ఎవరిదో చెప్పగల మనిషి. కళ్లజోడు తుడుచుకుని ఒక్కో పేజీకీ ముక్కు ఆనించి చూసింది.

"మాస్టారూ, ఆక్లాండ్‌లో మా తమ్ముడు ఎవర్ని పాతిపెట్టి వచ్చాడు?"

"ఎవర్నీ లేదే."

"మరి చావుకు కట్టే చిరుగుల చాప ఎందుకు కట్టుకున్నాడు? ఆ చిరుగు నాకు తెలీదా? మీ అక్కయ్య పోయినప్పుడు మీరు చుట్టుకుని పొయ్యి దగ్గర పొగలో కూర్చున్న చాప అది. అల్లింది మా అమ్మ."

"అందరికీ కొలతకు సరిపోయిందమ్మా."

"అందుకని పెళ్లికూతురికి కూడానా? చూడండి, మొగుడి పక్కన నిలబడి తనవాళ్లెవరో పోయినట్టుంది. ఈ పిల్లాడికి ఇవాళ బాప్తిస్మం. వీడు కూడా చావింట్లో వంట చాకిరీకి వచ్చినట్టున్నాడు."

ఎవరికీ కోపం పూర్తిగా రాలేదు. ఎందుకంటే తనవాళ్ల నడుముకున్న చిరుగు చూసి మండిపడ్డ ప్రతివాళ్లకూ పక్కింటివాళ్ల నడుముకున్న చిరుగు చూస్తే ప్రాణం కుదుటపడింది. "మిగతావాళ్లవి అలాగే ఉండనివ్వండి, మావి మార్చండి చాలు" అని ఒక్కొక్కరే మాస్టారి చెవిలో చెప్పి వెళ్లారు.

మర్నాటి నుంచి ఇంటి ముందు చాపల తిరునాళ్లే. ఒకళ్లు నాయనమ్మ చాప తెస్తే ఇంకొకళ్లు ముత్తవ్వ చాప తెచ్చారు. అది చూసి మొదటివాళ్లు వెనక్కి తిరిగి, వియ్యంకుల దగ్గర అంతకంటే పాతది అడిగి పట్టుకొచ్చారు. రాజుగారు ఊళ్లోకొస్తే తప్ప బయటికి రాని చాపలు సిడ్నీలో లారీ తోలే కుర్రాళ్ల నిక్కర్ల మీదికి ఎక్కాయి. కత్తిరించడం వచ్చిందని తెలిశాక కోరికలు నడుము దాటాయి. ఒకాయన పొట్ట తగ్గించమన్నాడు. ఒకావిడ విందు బల్ల మీద ఇంకో పందిని పెట్టమంది.

"ఎలాగూ చేస్తున్నారు కదా, మా తమ్ముడికి కాస్త జుట్టు కూడా" అంది కలొలైని.

"ఎంత?"

"పెళ్లప్పుడు ఉన్నంత."

అన్నీ చేశాడు. ఆదివారం చర్చి మెట్లెక్కుతుంటే జనం దారిచ్చారు. ఆయనను పాడొద్దన్నవాళ్లే ముందు వరసలో చోటు చూపించారు. లుపే అదంతా చూస్తూనే ఉంది. ఆమె ఫొటో మాత్రం "చూద్దాం" దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడడిగినా ఆయన కంప్యూటర్ మూసి కళ్లు నులుముకునేవాడు.

"పందిని పెట్టడానికి నీకు తీరిక ఉంది. నన్ను పెట్టడానికి లేదు" అందామె ఒకరోజు.

"నేనింకా మొదటి తరగతే కదమ్మా."

"బట్టతల మీద జుట్టు మొలిపించే మొదటి తరగతా? చెయ్యనని చెప్పెయ్ మామయ్యా, ఊరుకుంటాను."

ఆయన చెయ్యననలేదు. చేస్తాననీ అనలేదు. ఆ రోజు నుంచి లుపే అన్నం పెట్టింది, బట్టలుతికింది, అవసరమైన మాటే మాట్లాడింది. మూడు వారాల తర్వాత ఆయన పోయాడు. మేనకోడలు కాబట్టి పద్ధతి ప్రకారం ఆమెనే తలవైపు కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లలో ఎవరి చాప సరైనదో ఎవరిది కాదో కలొలైని వాకిట్లోనే తేల్చి లోపలికి పంపింది.

పుస్తకం ఉన్నది ఉన్నట్టు అచ్చుకు వెళ్లింది. అట్టల మధ్య ఊరంతా గొప్పింటివాళ్లే, ఒక్కళ్లకు కూడా పొట్ట లేదు. ఇలైసాని పేజీలో లుపే లేదు.

ఆ పేజీ చూసి బండబర్గ్ నుంచి ఫుసి ఫోన్ చేసింది. షెడ్డులో లుపేతో కలిసి పనిచేసి, ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు.

"నువ్వు లేవేంటే ఇందులో? మీ మామయ్య అంతగా అడిగాడు కదా."

"ఏం అడిగాడు?"

"మీ అమ్మ పోయిన వారంలో నువ్వున్న ఫొటో ఏదైనా ఉందా అని. ఈస్టరప్పుడు పంపాను. మంగళవారం మన సూపర్‌వైజర్ పుట్టినరోజు చేశాం చూడు, అది. నీ ముక్కు నిండా కేక్ క్రీము, పగలబడి నవ్వుతున్నావు. నీకప్పటికింకా కబురు రాలేదు కదా, బుధవారం కదా నువ్వు మాకు చెప్పింది."

లుపే ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కంప్యూటర్ తెరిచింది. తన పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో అరవై ఒక్క ప్రతులు, అన్నీ ఆ ఒక్క కేకు ఫొటోవే. మొదటి దాంట్లో క్రీము మాత్రం పోయింది. తర్వాతవాటిలో పెదాలు మూసే ప్రయత్నం. ఒకదాంట్లో నోరు చేప నోరులా ఉంది. ఒకదాంట్లో కలొలైని నోరు తెచ్చి అతికించాడు. ఎందులోనూ కుదరలేదు. కళ్లు నవ్వుతూనే ఉన్నాయి.

"ఇంకేమైనా అన్నాడా?" అంది లుపే.

"ఏమీ అనలేదు. ఎన్నింటికి తీశారని మాత్రం అడిగాడు. పదిగంటల టీకి అని చెప్పాను. ఎందుకే?"

అమ్మ పోయిందని ఆ మంగళవారం పొద్దున ఆరింటికి లుపేకు ఫోన్ చేసి చెప్పింది పెనిసిమానే.