అద్దం తుడిచేసిన అచ్చు

పాత్రల కార్ఖానాలో అతన్ని అందరూ అద్దం అని పిలుస్తారు. మసి రంగు స్టీలు గిన్నెను తిరిగే గుడ్డ చక్రానికి ఆనించాడంటే, మొహం చూసుకునేలా మెరిపించిగానీ వదలడు. ఆ చక్రం మీంచి లేచే దుమ్మంతా ఇన్నేళ్లూ అతని ఛాతీలోకే పోయింది. పొద్దున్నే దగ్గితే నల్లటి తెమడ పడుతుంది. ఆ పని మానెయ్యమన్న డాక్టరుతో, "మానేస్తే తిండి నువ్వు పెడతావా?" అని గొడవ పెట్టుకుని వచ్చాడు.

మొదట్లో అతని పని ఇది కాదు. తండ్రి నడిపిన క్షౌరశాలలో మొదటి కుర్చీ వాళ్ల అన్నది, రెండోది అతనిది. ఒకరోజు అన్న సొరుగులోంచి గడ్డం గీసే మడత కత్తి మాయమైంది. అచ్చం అలాంటిదే తమ్ముడి చేతిలో కనపడింది.

"ఇది తాత కత్తి. నాన్న ఇచ్చాడు" అన్నాడు తమ్ముడు.

తాత కత్తి మీద మోజుతో, ఆయన పోయాక అన్న అదే కంపెనీది, అదే నల్ల పిడిది ఏరి కొనుక్కున్నాడు. అందుకని రెండూ కవలల్లా ఉండేవి. కొట్టు నిండా మనుషులుండగా, సగం గీసిన గడ్డాలు ఇటు తిరిగి చూస్తుండగా, అన్న తమ్ముణ్ణి దొంగ అన్నాడు. తండ్రి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడే తప్ప నోరు విప్పలేదు. ఆ రోజు కొట్టు మెట్లు దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. తండ్రి పోయినప్పుడు కూడా శవానికి ఒక పక్క అన్న, ఇంకో పక్క తమ్ముడు.

ఇప్పుడు అన్నకి చెయ్యి వణుకుతోంది. రెండో కుర్చీ ఖాళీగా పడుంది. ఇద్దరికీ పెద్దదైన అక్క ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగి తిరిగి చివరికి అన్నతో ఒక మాట అనిపించింది.

"కత్తి పట్టుకు రమ్మను. అది తాతదని తేలితే కుర్చీ వాడిదే. నాదని తేలితే మాత్రం కుర్చీ ఊసెత్తకూడదు."

తేల్చాల్సింది బజారు మూల కత్తులు సానపట్టే సానవాడు. పాత కత్తి ఎప్పటిదో చూసి చెప్పడంలో ఆరితేరినవాడు. మనిషితో మంచిగా మాట్లాడ్డం మాత్రం అలవాటు లేదు.

కత్తి ఇన్నేళ్లూ ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది. తీసి చూస్తే తుప్పు చుక్కలు. ఇలా తీసుకెళితే అన్న నవ్వుతాడనుకున్నాడు అద్దం. కార్ఖానాకి పట్టుకెళ్లి చక్రానికి ఆనించాడు. కోసే అలుగు, దాని వీపు, పిడి దాకా ఉన్న మెడ, ఏదీ వదల్లేదు. నీళ్లలా మెరిసింది.

సానవాడి కొట్టులో అక్క స్టూలు మీద కూర్చుంది. అన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. సానవాడు కత్తి తెరవగానే మొహం చిట్లించాడు.

"దీనికి ఈ సింగారమెవడు చేశాడు?"

"నేనే" అన్నాడు అద్దం.

"ఏడిసినట్టుంది."

పిడిని గుడ్డతో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కొమ్ము పిడి అయితే కాలిన జుట్టు వాసనొస్తుంది. ఇది కర్పూరం వాసన. అంటే కర్పూరం కలిపి చేసే కొత్త రకం పిడి."

"విన్నావా?" అన్నాడు అన్న.

"నువ్వు కాసేపు నోర్మూసుకో. పిడి ఎవడైనా మార్పించుకోవచ్చు." సానవాడు అలుగు వెలుతురుకి పెట్టాడు. "అలుగు మందాన్ని బట్టీ చెప్పలేం. చెప్పాల్సింది మెడ మీద అచ్చు. ఈ కంపెనీవాళ్లు మొదట్లో ఊరి పేరొక్కటే కొట్టేవాళ్లు. తర్వాత కింద ఇంకో వరసలో దేశం పేరు కూడా కొట్టారు. ఒక వరసుంటే మీ తాత కాలం. రెండుంటే తర్వాతది." మెడ మీద గోరు పెట్టి చూశాడు. "ఏదీ అచ్చు?"

అద్దం ముందుకి వంగి చూశాడు. అక్కడ ఏవో గీతలుండేవి. అవి అక్షరాలని తెలుసు, అవసరం పడతాయని తెలీదు.

"గుర్తు చెరిపి తెచ్చాడు. దొంగలు చేసే పనే కదా" అన్నాడు అన్న.

"చక్రం మీద పెట్టానంతే."

"అవును. అందుకేగా నీకా పేరు పెట్టారు."

"ఆగండిరా" అంది అక్క. ఆ రోజు తండ్రిలాగే ఆమె కూడా ఎవరి మొహమూ చూడటం లేదు.

సానవాడు గొణుక్కుంటూ సన్నటి సుత్తి తీసుకున్నాడు. "మెడలో కొంచెం పిడి కిందికి పోతుంది. అక్కడికి నీ చక్రం పోదు. పిడి మేకు ఊడగొడతాను. మళ్లీ బిగించమని మాత్రం నన్నడక్కండి."

మేకు ఊడింది. పిడి రెండు రేకులుగా విడిపోయింది. అద్దంలాంటి మెడ చివర, పిడి కింద దాక్కున్న వేలి గోరంత చోట, పాత మకిలి మిగిలింది. సానవాడు ఉమ్మి తడి చేసి తుడిచాడు. రెండో వరస అక్షరాలు సగానికి తెగి కనపడ్డాయి.

"దేశం పేరే. ఇది మీ తాతది కాదు."

అన్న నవ్వాడు. "చెప్పరా. ఇప్పుడేమంటావ్?"

"నాన్న నాకిచ్చాడు. తన చేత్తో ఇచ్చాడు."

"తోసెయ్, చచ్చిపోయినాయన మీదకి తోసెయ్."

"నాన్నే తీశాడు" అంది అక్క. "తాత కత్తి పేకాటలో పోగొట్టుకున్నాడు. చిన్నాడికిస్తానని మాటిచ్చి ఉన్నాడు. అందుకని నీ సొరుగులోది తీసిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

అన్న ఆమె వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ మా ఇంటికొచ్చి టీ తాగావు కదక్కా. ఒక్కసారైనా నోరు రాలేదా?"

"నీకేం పోయింది?" అన్నాడు అద్దం. "మెట్లు దిగింది నేను. తనకి తెలిసీ నన్ను దిగనిచ్చింది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముళ్లిద్దరిలో ఎవరూ దగ్గరికి పోలేదు.

"సరే, దొంగవి నువ్వు కాదు" అన్నాడు అన్న. "కత్తి మాత్రం నాదే కదా. మాటంటే మాటే. కుర్చీ లేదు."

అద్దం దగ్గాడు. దగ్గు తెరిపి ఇచ్చేదాకా బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఊడిన అలుగూ పిడి రేకులూ పోగేసి, వణుకుతున్న అన్న అరచేతిలో పెట్టాడు.

"నీది నువ్వు తీసుకో. గీయడానికి నీ చెయ్యి ఎలాగూ పనికిరాదు. మెరుగు బాగా పెట్టాను, రోజూ అందులో నీ మొహం చూసుకో."

సానవాడు మాత్రం గట్టిగా నవ్వాడు. అద్దం బజారు దాటి కార్ఖానా దారి పట్టాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చక్రం మీట నొక్కాడు.