ఖాళీ చేతుల వేట

నాకు పుట్టుకతోనే కంగారెక్కువ. ఎక్కడో వైరా మీద మబ్బు పట్టిందంటే మా తల్లాడలో కళ్లంలోని వడ్లు ఎత్తించే రకం అని మా అమ్మ నవ్వేది. అలాంటి దాన్ని, ఎనభైల్లో పక్షుల పరిశోధనలో చేరి భద్రాచలం అడవి అంచున, ఒక కోయగూడెం దగ్గర వాగు పక్కన చెట్టుకింద కూర్చున్నాను.

పని సులువే. ఆ చెట్టు తొర్రలో కొమ్ముపిట్ట గుడ్లు పెట్టింది. ముక్కు మీద చిన్న కొమ్ము ఉండే బూడిదరంగు పిట్ట అది. ఆడది తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి తొర్ర మూతి మిగతాదంతా రెట్టతో మెత్తేసుకుంటుంది. లోపలే ఈకలు రాల్చుకుంటుంది కాబట్టి ఎగరలేదు. మగపిట్ట తెచ్చిపెడితేనే తల్లికీ పిల్లలకీ తిండి. అది ఏ పండ్లు తెస్తోందో నేను రాసుకోవాలి.

అంతలో భూమి పండుగ వచ్చింది. విత్తనాలకు ముందు మగవాళ్లంతా విల్లంబులతో వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఎగతాళి చేస్తారు. నేను గూడెం పెద్ద దగ్గరికి పోయి బతిమాలాను.

"తాతా, వాగు దిక్కుకు మాత్రం పోకండి. మగపిట్టకు ఒక్క బాణం తగిలితే లోపల తల్లీ పిల్లలూ ఆకలికి చావాల్సిందే."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "వేట దొరికేదే ఆ దిక్కున," అన్నాడు. "సరే, పోము తియ్ బిడ్డా."

మాట ఇచ్చాడు గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఆయన ఆగినా కుర్రకారు ఆగుతారా? పక్క గూడేల వాళ్లకు ఎవరు చెప్పారు? వేట రోజు పొద్దున ఒకసారి వచ్చిన మగపిట్ట మళ్లీ రాలేదు. మధ్యాహ్నం ఎక్కడో డోలు మోగింది, కుక్కలు మొరిగాయి. తొర్ర సందులోంచి ఆడపిట్ట ముక్కు బయటికొచ్చి, కాసేపు ఉండి, లోపలికి పోయేది. నాకు సద్దిమూట విప్పబుద్ధి కాలేదు. పొద్దు వాలేదాకా కాలుకాలిన పిల్లిలా తిరిగి, ఇక ఉండబట్టలేక గూడేనికి పరుగెత్తాను.

వేటకు పోయినవాళ్లు తిరిగొస్తున్నారు. వాళ్ల మొహాలు చూడలేదు నేను, చేతులే చూశాను. అందరివీ ఖాళీ. సంతోషంతో ఏడుపొచ్చింది. అప్పటికే ఆడవాళ్ల తిట్లు, నవ్వులు మొదలయ్యాయి.

"ఊరి మొగోళ్లంత పోయి ఒక్క ఉడుతనన్న తేలేదా?" అంటూ ఒక అక్క పేడనీళ్ల కుండ నా చేతికిచ్చింది. "నువ్వూ ఆడదానివే గదా, పొయ్యి."

నా ఎదురుగా నిలబడ్డది తాతే. కుండ దించబోయాను.

"పొయ్యి బిడ్డా," అన్నాడాయన. "పద్ధతి పద్ధతే."

పోశాను. ఆయన మొహం తుడుచుకోకుండానే ఇంటికి నడిచాడు.

ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. వీళ్ల చేతులు ఖాళీ, సరే. పక్క గూడెం చేతుల సంగతేమిటి?

తెల్లారి చెట్టు దగ్గరికి వెళ్తే తాత, ఇంకొందరు మగవాళ్లు ముందే వచ్చి కూర్చున్నారు. దేనికోసం పేడనీళ్లు పోయించుకున్నారో చూద్దామని వచ్చారట. అది రాకపోతే వీళ్లకేం చెప్పను? ఎండ చెట్టు మొదట్లోకి వచ్చింది. ఒకాయన విసుగొచ్చి లేవబోతే తాత చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

అప్పుడు రెక్కల చప్పుడైంది. మగపిట్ట తొర్ర పక్కన వాలి, గొంతులోంచి మేడిపండ్లు ఒక్కొక్కటే పైకి తెచ్చి సందులోకి అందించింది. లోపలి ముక్కు గబగబా అందుకుంది.

"మేం వట్టి చేతులతోటి వస్తే పేడనీళ్లతోనే పోయింది," అన్నాడు తాత మెల్లగా. "వీడు వట్టిగ వస్తే పాణాలే పోతయ్."

పిట్ట లేచిపోయింది. అది పోయిన దిక్కే చూస్తూ, "మళ్ల వస్తడా?" అని అడిగాడు. ఆయన గొంతులో భయం ఉంది. అప్పటిదాకా ఆ భయం నా ఒక్కదానిదే.