జగ్గులో పోసిన సీసా

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. నేను బడి మానలేదు, బడే నన్ను మానేసింది అని ఎక్కడికెళ్ళినా చెప్పి నవ్విస్తుంటాను. సిడ్నీలో టైల్స్ పరిచే పని నాది. కెల్లీవిల్ పేటలో నా చేత బాత్రూములు చేయించుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు పని అయిపోయాక కూడా ఆదివారం భోజనాలకు పిలుస్తారంటే అది టైల్స్ గొప్పతనం కాదు. నేనుంటే నవ్వులుంటాయి, అంతే. మగవాళ్ళంతా గరాజ్‌లో చేరతారు. మందు కలిపేది నేను. ఒక్కొక్కరినీ ‘నీళ్ళా, సోడానా’ అని అడిగే ఓపిక నాకు లేదు. పెద్ద జగ్గులో విస్కీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం, ఐసు వేసి తిప్పి, అందరికీ ఒకేసారి పోసేస్తాను. ఆ జగ్గుకి అక్కడ మంచి పేరుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంకుల్‌ని కూడా వెంటబెట్టుకెళ్ళాను. ఆయన ఫిజీ తెలుగాయన. ముత్తాత చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళాడట. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, సిడ్నీలోనే టూంగాబీ పేటలో ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. టైలు కింద సిమెంటు ఎంత మందం పరవాలో నా చెయ్యి పట్టుకుని చూపించిన మనిషి. ఆయన తెలుగు ఏ బడిలోనూ నేర్చింది కాదు, ఇంట్లో విన్నది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, దొరకనప్పుడు హిందీ ముక్క వేసుకుంటూ, నిదానంగా మాట్లాడతారు.

అంతకు నెల ముందే స్కాట్లాండ్ చూసొచ్చారు. సంచిలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టారు.

“లేబుల్ చదువు బాబూ.”

“చదువే వస్తే గోడలకి బిళ్ళలెందుకు అంటిస్తాను అంకుల్?”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను చదవకుండానే సీసా బల్ల మీద పెట్టేశాను.

“అది చిన్న దీవి బాబూ,” అని మొదలుపెట్టారాయన. “గాలి జాస్తి. చెట్టు లేదు. చెట్టు లేకుంటే లకడీ యాడిది? అందుకని నేల తవ్వి మట్టి కాలుస్తారు.”

ఆ మట్టిని పీట్ అంటారట. బురద నేలల్లో గడ్డీ నాచూ వేల ఏళ్ళు కుళ్ళి నల్లగా గడ్డకట్టినది. దాన్ని పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీ కింద పొగ పెడతారు. ఆ పొగ గింజలోకి దిగి, పీపాలో ఏళ్ళ తరబడి నిలవున్నా పోదట. విస్కీ కార్ఖానా సముద్రం ఒడ్డునే ఉందనీ, పూర్వం బార్లీ దిగడమూ పీపాలు వెళ్ళడమూ అన్నీ పడవల మీదేననీ చెప్పారు. “కొంచెం కొంచెం పొయ్యి బాబూ. చెంచాడు నీళ్ళు చాలు.”

ఇంటాయన మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు. “బ్రో, ఇదేంటి, హాస్పిటల్ స్మెల్ వస్తోంది! ఆర్ యూ ష్యూర్ ఇది విస్కీయేనా?”

అందరూ నా వైపు చూశారు. వాళ్ళు అలా చూస్తే నేను ఊరుకోలేను.

“టింక్చర్ పోసి పొయ్యి ఆర్పినట్టుంది సార్,” అన్నాను. గరాజ్ గొల్లుమంది. అక్కడితో ఆగితే నా బతుకు బాగుండేది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, అంకుల్‌లా మెడ వాల్చి, సాగదీస్తూ అన్నాను: “చెట్టు లేదు బాబూ... లకడీ యాడిది బాబూ...”

ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ “వన్స్ మోర్ బ్రో!” అన్నాడు. వన్స్ మోర్ చేశాను. ఆ ఊపులోనే సీసా మొత్తం జగ్గులో వంచేశాను. అంకుల్ చెయ్యి ముందుకు చాపారు, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. నేను పోసిన గ్లాసు చివరిదాకా తాగి, “బాగుంది బాబూ,” అన్నారు.

వెళ్ళేటప్పుడు ఖాళీ సీసా అడిగారు. మూత బిగించి ఇస్తూ అప్పుడు చూశాను లేబుల్. కూడబలుక్కుని చదివాను. కార్ఖానాలో పీపా దగ్గర వచ్చినవాళ్ళే సీసా నింపుకుని, తమ చేత్తో పేరు రాసుకోవచ్చట. నింపినవారు అన్న చోట ఆయన పేరుంది. దాని కింద, ఎవరి కోసం అన్న చోట, టైల్స్ గీతల్లా నిలువూ అడ్డంగా దిద్దిన అక్షరాలతో, నా పేరుంది.

ఆయన్ని ఇంటికి దింపే దారంతా రేడియో పెట్టాను, మాట్లాడాల్సొస్తుందని.

మూడు వారాలు ఆయనకి మొహం చాటేశాను. కెల్లీవిల్ వాళ్ళు పిలిచినా పోలేదు. ఆ మూడు వారాల్లోనే నాకర్థమైన విషయం ఒకటుంది: నేను వాళ్ళలో ఒకణ్ణి అనిపించుకోవడానికి, నాకు అన్నం పెట్టిన మనిషిని వాళ్ళకి అప్పజెప్పాను. ఆయన దగ్గర నాకింకా చోటుందో లేదో తేల్చుకోవాలని ఒక శనివారం పొద్దున టూంగాబీ వెళ్ళాను.

వంటింట్లో టీ పోసిచ్చారు.

“అంకుల్, ఆ రోజు... ఆ జగ్గు...”

“తాగేదానికే తెచ్చినా బాబూ. పోతే పోనీ.”

“అది కాదంకుల్. మిమ్మల్ని...”

“నా మాదిరి మాట్లాడి చూపించినావు గదా,” అన్నారు. “అందరూ నవ్వతా ఉంటే నాకు సరిగా వినపళ్ళేదు. మళ్ళీ చెయ్యి.”

“వద్దంకుల్. తప్పయిపోయింది.”

“చెయ్యి బాబూ.”

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయాను. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టకుండా, నేల చూస్తూ, ఆ రోజులాగే సాగదీసి అన్నాను. “చెట్టు లేదు బాబూ. లకడీ యాడిది.”

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

“యాడిది అని నేను అట్టా లాగను,” అన్నారు. “మా అమ్మ లాగేది. ఇంకోసారి అను.”

నోరు తెరిచాను. “చెట్టు లేదు బాబూ...” అని మొదలుపెట్టాను.