పాడె మీద అక్క నవ్వు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చీకటి విడకముందే చేపల గంప నెత్తిన పెట్టుకుని శ్మశానం పక్క దారిలోనే నడిచాను. కుక్కలకి భయపడ్డాను గానీ ఇంకే దానికీ భయపడలేదు. నలభై దాటాక వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఎవరి చేతా రాయించకుండా, ఇది నేనే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది యానాం పక్కన దరియాలతిప్ప. మా అక్క పేరు నూకరత్నం. మా బావ వేటకెళ్ళి గోదావరి సముద్రంలో కలిసేచోట పడవ బోల్తాపడి పోయాడు. శవం దొరకలేదు. పాడె కట్టలేదు, దహనం చెయ్యలేదు. ఆ రోజు నుంచి అక్క నవ్వగా నేను చూడలేదు. ఏడవనూ లేదు. పనంతా మామూలుగానే చేసుకునేది. మాటలో వెటకారం కూడా ఉండేది. మొహంలో మాత్రం నవ్వుండేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వీధిలో సూరిబాబు అని ఒక కుర్రాడు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాడు. వాడికి నాటకాలాడే స్నేహితులు కొందరుండేవారు. ఫ్రాన్సులో స్థిరపడి సెలవులకి వచ్చిన యానాం వాళ్ళ దగ్గర హాలోవీన్ అనే మాట విన్నారట. అక్టోబరు ఆఖరు రోజున అక్కడ దెయ్యాల వేషాలు వేస్తారట. మనమూ ఒక చిన్న దెయ్యం సినిమా తీసి, ఆ రోజు ఊరి కేబుల్లో వేద్దామని బయలుదేరారు.

కథ చిన్నదే. కోడలు అన్నం పెట్టక చనిపోయిన అత్తగారు దెయ్యమై తిరిగొస్తుంది. అత్తగారి వేషానికి మా అక్కని అడిగారు. సూరి మమ్మల్ని పెద్దమ్మా, పిన్నీ అని పిలిచేవాడు. అక్క కాదనలేకపోయింది.

పక్కనున్న అడవిపొలం ఊళ్ళో ఖాళీగా ఉన్న పెంకుటింట్లో తీశారు. లైట్లకి డబ్బుల్లేక పట్టపగలే తీసి రాత్రిలా చూపించాలని కిటికీలకి నీలం టార్పాలిన్ పట్టాలు కట్టారు. ఒకడు గుమ్మడికాయకి కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టాడు.

“పులుసు పెట్టుకునే కాయకి కళ్ళేంట్రా?” అంది అక్క.

“ఫ్రాన్సులో ఇలాగే చేత్తారంట పెద్దమ్మా.”

“పులుసెలా తింటామో అది చూడాలేమో మరి.”

అందరూ నవ్వారు, అక్క తప్ప.

అత్తగారు చనిపోయిన సీను పాడె మీద. అక్కని తెల్లచీరలో పడుకోబెట్టి, ముక్కుల్లో దూది పెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. సూరి కొన్నాళ్ళు హైదరాబాదులో సినిమాల్లో పనిచేసొచ్చాడు. అక్కడొక పద్ధతి ఉందని చెప్పాడు. శవంగా పడుకున్న వాళ్ళు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తియ్యాలి. తీశాకే పాడె విప్పాలి. లేకపోతే ఆ మనిషికి మంచిది కాదట.

సీను అయింది. “పెద్దమ్మా, ఇప్పుడు లేచి ఒకసారి నవ్వాలి,” అన్నాడు.

“బతికుండగానే నవ్వనిదాన్ని, చచ్చాక నవ్వుతానేంట్రా?”

అదే సమయానికి కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఆ ఇంట్లో కరెంటు లేదు. కెమెరాని స్టాండు మీద అలాగే వదిలేసి అందరం పెరట్లోకి భోజనాలకి వెళ్ళాం. అక్క రాలేదు. “వెదురు చల్లగా ఉందే, కాసేపు నడుం వాలుస్తాను,” అంది. పులిహోర వడ్డించింది నేనే. పెరట్లోంచి లోపలికి పోవడానికి ఒక్కటే గుమ్మం. నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. నన్ను దాటి ఎవరూ వెళ్ళలేదు. వీధి తలుపుకి లోపల గడియ వేసి ఉంది.

తిరిగొచ్చేసరికి అక్క నిద్రపోతోంది. లేపాం. వెదుళ్ళు సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలని పాడె విప్పేశారు. నవ్వు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు వేరే బ్యాటరీ తెచ్చి మిగతా సీన్లు తీసుకున్నారు.

ఆ వారంలోనే అక్క మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. మాట ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకునే మనిషి, వెల్లకిలా పడుకుని చేతులు గుండెల మీద పెట్టుకుంది. పక్కకి తిప్పి వెళ్తే, వచ్చేసరికి మళ్ళీ అలాగే ఉండేది. నీళ్ళు పోస్తే పెదాల పక్క నుంచి కారిపోయేవి. కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. పరీక్షల్లో ఏమీ కనపడలేదన్నారు. ఇలాగే ఉంటే మనిషి దక్కదని కూడా అన్నారు. మాకు అమ్మా నాన్నా లేరు. నాకున్నది అక్క ఒక్కతే.

సినిమా కేబుల్లో వచ్చిన రోజు మేం ఆసుపత్రిలోనే ఉన్నాం. తర్వాత సమాధుల పండగ వచ్చింది. ఆ మధ్యాహ్నం అక్క దగ్గర మా ఆడపడుచుని కూర్చోబెట్టి ఇంటికి బట్టల కోసం వచ్చాను. కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని క్రైస్తవులు వాళ్ళ శ్మశానానికి వెళ్తున్నారు. బస్సులోంచి వాళ్ళని చూస్తుంటే సూరి చెప్పిన పద్ధతి గుర్తొచ్చింది. నమ్మకం లేకపోయినా తిన్నగా వాడింటికి వెళ్ళాను.

“సూరీ, కెమెరా తీసుకుని ఆసుపత్రికి రా. అక్క నవ్వు తియ్యాలి.”

“మాటే లేని మనిషి ఎలా నవ్వుద్ది పిన్నీ?” అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టేపులో ఎంతవరకు వచ్చిందో చూద్దామని టీవీకి తగిలించాడు. ఎడిటింగుకి కావలసిన ముక్కలే తీసుకున్నాడు గానీ మొత్తం ఎప్పుడూ చూడలేదట.

పాడె సీను వచ్చింది. సూరి గొంతు, ‘ఒకసారి నవ్వాలి’ అని. అక్క జవాబు. బొమ్మ ఆగిపోయింది. ఇక మర్నాటి సీను రావాలి. రాలేదు. మళ్ళీ అదే పాడె వచ్చింది.

తల దగ్గర దీపం కొండెక్కి ఉంది. అక్క ముక్కుల్లో దూదితోనే లేచి కూర్చుంది. బొమ్మ కదులుతోంది, స్టాండు మీద నుంచి తీసి ఎవరో చేత్తో పట్టుకున్నట్టు. పట్టుకున్న మనిషి పాడె దగ్గరకి వచ్చి, అక్క మొహానికి ఎదురుగా వంగినట్టు. అక్క పైకి చూసింది. కెమెరాలోకి కాదు, దాని వెనకున్న మనిషి వైపు. ఎడమచేత్తో కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. “చాల్లే, ఊరుకో,” అంది.

బావ ఆటపట్టించినప్పుడల్లా అక్క అలాగే నవ్వేది. ఆ మాటే అనేది.

ఆ తర్వాత మర్నాటి సీను మొదలైంది.

సూరి టేపు ఆపాడు. అయిపోయిన బ్యాటరీ కాసేపయ్యాక కొద్దిగా పనిచెయ్యచ్చని చెప్పాడు. మరి కెమెరాని పట్టుకున్నదెవరంటే వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

నేను ఆసుపత్రికి చేరేసరికి అక్క పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. మేం టేపు చూసిన వేళకే అలా తిరిగిందట. “ఎక్కడికి పోయావే? టీ తాగి ఎన్నాళ్ళయిందో,” అంది.

ఇంటికొచ్చాక ఒక్కసారే అడిగాను, ఆ రోజు పాడె మీద నవ్వావా అని. “బ్యాటరీ పోయిందన్నారుగా,” అని చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. టేపు సంగతి నేను చెప్పలేదు. సూరీ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్ళ పాటు అక్టోబరు ఆఖర్న ఆ సినిమా మా కేబుల్లో వేశారు. అక్క వచ్చి నా పక్కనే కూర్చునేది. పాడె సీను వచ్చేసరికి ఎడమచేత్తో కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకునేది. భుజాలు కదిలేవి. నవ్వో ఏడుపో నాకు తెలిసేది కాదు. అక్క చూసేది మాత్రం టీవీ వైపు కాదు, ఎవరూ లేని గుమ్మం వైపు.

ఇన్నేళ్ళయినా ఇదేమిటో నాకు తెలియదు. ఆ కొంగు పక్కకి తీసి చూసే ధైర్యం నాకు ఒక్కసారీ కలగలేదు.